ఏనుగు దిగిన తర్వాత

ఆ ఆటను కళ్ళారా చూసినవాళ్ళు ఇవాళ ఎవరూ మిగిలి ఉండరు. చూసినవాళ్ళ నోట విన్నవాళ్ళు, మళ్ళీ వాళ్ళ నోట విన్నవాళ్ళు, అంతే. సర్కస్ డేరా నడుమ ఒక మనిషి వెల్లకిలా పడుకుంటాడు. రొమ్ము మీద మందపాటి చెక్క పలక వేస్తారు. మావటి ఏనుగును నడిపించుకొచ్చి ఆ పలక మీదికి ఎక్కిస్తాడు. ఐదు నిమిషాలపాటు అలా మోసేవారని చెబుతారు. ఏనుగు దిగిపోతుంది. మనిషి లేచి జనానికి దండం పెడతాడు. డేరా దద్దరిల్లిపోతుంది.

ఆ మనిషి కోడి రామ్మూర్తి నాయుడు. నా చిన్నప్పుడు ఎవరైనా మోయలేని మూటకు చెయ్యి వేస్తే "నువ్వేమన్నా కోడి రామ్మూర్తివా?" అని పెద్దవాళ్ళు వారించేవారు. మా గోదావరిఖనిలో ఈ మాట రెండు రకాలుగా వినపడేది. హైదరాబాదు వైపు కుస్తీ తాలీంల సంగతి తెలిసినవాళ్ళు "గామా పహిల్వాన్‌వా?" అనేవాళ్ళు. పొట్ట చేతబట్టుకుని కోస్తా నుంచి బొగ్గుబాయిలకు వచ్చినవాళ్ళు "కోడి రామ్మూర్తివా?" అనేవాళ్ళు. రెండు పేర్లూ పిల్లల నోళ్ళలో ఆడేవి. ఆ ఇద్దరి ముసలితనం ఎలా గడిచిందో మాత్రం మాకెవరూ చెప్పలేదు.

ఏనుగు కింద ఉన్న ఆ రొమ్మును తలచుకున్నప్పుడల్లా నాకు బాయిలో పైకప్పు కింద నిలబెట్టే చెక్క దిమ్మె కళ్ళ ముందుకొస్తుంది. ఇప్పుడు ఇనుప సపోర్టులూ రూఫ్ బోల్టులూ వచ్చాయి గానీ, పాతకాలపు టింబర్‌మన్లు చెక్కనే నమ్మేవాళ్ళు. ఇనుము చెప్పాపెట్టకుండా పోతుంది, చెక్క పోయేముందు చప్పుడు చేస్తుంది. పైన బండ కదిలి బరువు మీద పడుతుంటే దిమ్మె లోపల పీచు తెగుతున్న శబ్దం వస్తుంది. అది చెవిన పడితే తట్టా, చెమ్మస్ పారా అక్కడే పడేసి బయటికి ఉరకాలి. ఆ చప్పుడు విని బతికిన మనుషులు మా కాలనీల్లో ఇంకా ఉన్నారు. రామ్మూర్తి రొమ్ము కూడా రోజుకొకసారి ఆటాడి, ఊరూరా ఆటాడి, ఏదో ఒక పూట అలాంటి చప్పుడు చేసే ఉంటుంది. అప్పుడు డేరా నిండా చప్పట్లు.

ఆయన 1882లో వీరఘట్టంలో పుట్టారు. అప్పట్లో అది మద్రాసు రాజధానిలో ఒక మారుమూల ఊరు, మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్నప్పుడే పోయింది. తల్లిలేని పిల్లవాణ్ణి అదుపు చెయ్యలేక తండ్రి విజయనగరంలో పోలీసు ఇన్‌స్పెక్టరుగా ఉన్న తమ్ముడు నారాయణస్వామి ఇంటికి పంపించాడు. విజయనగరం అంటే సంగీతం, సాహిత్యం, వాటితోపాటు వ్యాయామం కూడా. ఆ ఊళ్ళో పిల్లవాడికి కసరత్తు దొరికింది, కుస్తీ దొరికింది. బడి చదువు కంటే మట్టిబరి మీద మనసు నిలిచింది. ఇరవై దాటేసరికే రొమ్ము మీద టన్నున్నర బరువు మోసేవారని ఆయన చరిత్ర రాసినవాళ్ళంతా రాశారు.

ఇక్కడ ఒక మలుపు ఉంది. దాని మీద జీవిత చరిత్రలు ఎక్కువసేపు ఆగవు. మద్రాసులో సైదాపేట కళాశాలకు వెళ్ళి ఆయన వ్యాయామ శిక్షణ పూర్తి చేశారు. పత్రం తెచ్చుకుని, తాను చదివిన విజయనగరం బడిలోనే డ్రిల్ మాస్టారుగా చేరారు. అంటే నెల తిరిగేసరికి జీతం వచ్చే పని. ఆ పనిలోనే ఉండిపోతే ఆయన పేరు ఇవాళ ఎవరికీ తెలిసేది కాదు. విజయనగరంలో ఏ వీధిలోనో ఒక ఇల్లు, సాయంత్రాలు అరుగు మీద శిష్యులు, అరవై ఏళ్ళప్పుడు రెండు కాళ్ళ మీద నడక ఉండేవేమో. ఆయన ఆ దారిలో వెళ్ళలేదు. పొట్టి పంతులు అనే మిత్రుడి తోడుతో, విజయనగరం రాజావారి అండతో సర్కస్ కంపెనీ పెట్టారు. ఆ నిర్ణయాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. దేశం మొత్తం చూడాల్సిన బలాన్ని నాలుగు గోడల మధ్య పిల్లల చేత గుంజీలు తీయించడానికి దాచుకోమని ఏ మాస్టారికి చెప్పగలం? కానీ నెల జీతం వదులుకున్న ఆ రోజే ఆయన ముసలితనం మీద బండ కదిలింది.

సర్కస్ ఎందుకంత నడిచిందో తెలుసుకోవాలంటే ఆ కాలం తెలియాలి. 1904, 1905లలో యూజెన్ శాండో అనే జర్మన్ వస్తాదు భారతదేశం తిరిగాడు. కండలు తిరిగిన తెల్లదేహాన్ని చూపించి, ఈ దేశపు మగవాళ్ళకు పౌరుషం నేర్పిస్తానన్నట్టుగా ప్రదర్శనలిచ్చాడు. 1905లో బెంగాల్ విభజన, స్వదేశీ ఉద్యమం. భారతీయుడు బలహీనుడు, ఒకరి ఏలుబడిలో ఉండటానికే తగినవాడు అని దొరలు అంటున్న రోజులవి. సరిగ్గా అప్పుడు శాకాహారం తింటూ, ఆంజనేయుణ్ణి కొలుస్తూ, ప్రాణాయామం తప్ప మరే మందూ తెలియదన్న ఒక తెలుగువాడు రొమ్ముకు చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపేస్తున్నాడు. రెండు చేతులకూ గొలుసులు కట్టుకుని రెండు మోటారు కార్లను చెరోవైపు కదలకుండా ఆపుతున్నాడు. నాటి వైస్రాయి లార్డ్ మింటో తానే కారు ఎక్కి నడిపించి చూశాడనీ, బండి అంగుళం కదల్లేదనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. టికెట్టు కొని లోపలికి వెళ్ళినవాడు చూసింది ఒక్క మనిషి బలాన్ని కాదు. తన జాతి మీద ఎక్కి కూర్చున్న ఏనుగును ఎవడో ఒకడు మోసి, దింపి, లేచి నిలబడటం చూశాడు.

అందుకే బిరుదులు అంత ధారాళంగా కురిశాయి. పుణెలో బాలగంగాధర తిలక్ ఆయన్ని మల్లమార్తాండుడన్నారు. జనం కలియుగ భీముడన్నారు. విదేశాలకు వెళ్ళి భారతీయుడి బలం చూపించమని మదనమోహన మాలవీయ ప్రోత్సహించారు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల ముందు ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నారు. స్పెయిన్‌లో ఎన్నడూ ఎరగని ఎద్దుపోరుకు దిగి, కొమ్ములు పట్టి ఎద్దును కూలదోశారన్నది తెలుగువాళ్ళు మురిసిపోయి చెప్పుకునే కథ. ఇలాంటి కథల్లో ఏది ఎంతవరకు జరిగిందో తూచడం ఇప్పుడు కష్టం. తూచాల్సిన పని కూడా నాకు కనపడదు. ఒక జనం అన్ని కథలు కట్టుకుంది అంటే ఆ మనిషి అవసరం వాళ్ళకు అంతగా పడింది.

ఆ ఏనుగు ఆటలో మోసం లేదు, మంత్రమూ లేదు. పలక బరువును ఒక్కచోట పడనీయకుండా పరుస్తుంది. గాలి నింపి బిగించిన రొమ్ము కమానులా నిలబడుతుంది. ఊపిరి ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు వదలాలో తెలియాలి. ఒక్క క్షణం ముందు వదిలితే పక్కటెముకలు పోతాయి. విద్య ఎంత ఉన్నా, మోసేది మాత్రం ఎముకే. కుస్తీ పట్టేవాడికి మోకాలు, గుద్దులాడేవాడికి పుర్రె, బాయిలో దిగేవాడికి ఊపిరితిత్తి. ప్రతి ఆటకూ, ప్రతి షిఫ్టుకూ ఆ చోట కొంత అరుగుతుంది. అరిగింది మళ్ళీ రాదు. ఆ సంగతి ఆటగాడికి తెలుసు. చూసేవాడికి తెలియనివ్వకపోవడమే ఆటగాడి పని.

డబ్బు వచ్చింది. లెక్కపెట్టలేనంత వచ్చిందంటారు. ఎలా పోయిందన్న ప్రశ్నకు జీవిత చరిత్రలన్నీ ఒకే మాట చెబుతాయి: దానధర్మాలకు పోయింది. అడిగిన సంస్థకు కాదనలేదు, చెయ్యి చాచినవాణ్ణి ఉత్తచేతుల్తో పంపలేదు. ఇది నేను నమ్ముతాను. దాంతోపాటు సర్కస్ అనేదాన్ని దగ్గరనుంచి చూసినవాళ్ళకు మరో లెక్క కూడా తెలుసు. ఆట ఉన్న రోజు ఏనుగు ఎంత తింటుందో, వాన పడి ఆట లేని రోజూ అంతే తింటుంది. డేరా, గుర్రాలు, జంతువులు, పనివాళ్ళు, వాళ్ళ పెళ్ళాం బిడ్డలు, ఇంతమందినీ ఊరి నుంచి ఊరికి రైలెక్కించాలి. ఈ మొత్తం సంసారం ఒక్క మనిషి రొమ్ము మీద నిలబడి ఉంది. ఆ రొమ్ము ఆడినంతకాలం అందరూ తిన్నారు. ఆడనినాడు తినడానికి ఏదీ దాచి పెట్టలేదు. పేరున్న వస్తాదు నాలుగు రాళ్ళు వెనకేసుకోవడం మన దగ్గర పరువు తక్కువ పనిగా ఉండేది. భీముడు భవిష్యనిధి గురించి ఆలోచిస్తాడా? ఆలోచించనివ్వలేదు మనం.

తర్వాత కాలికి పుండు వేసింది. అది తగ్గలేదు. రాచపుండు అన్నారు. చివరికి కాలు తీసెయ్యక తప్పలేదు. కార్లను ఆపిన కాలు, ఏనుగు దిగాక లేచి నిలబెట్టిన కాలు. శస్త్రచికిత్సప్పుడు క్లోరోఫాం వద్దన్నారని, ప్రాణాయామం చేసి నిబ్బరంగా ఉన్నారని చెబుతారు.

ఈ ఘట్టం చెప్పేటప్పుడు మనవాళ్ళ గొంతులో వినిపించే గర్వం నన్ను బాధపెడుతుంది. అది కూడా ఆయన ఘనతల జాబితాలో చేరిపోయింది. గొలుసు తెంపడం, కారు ఆపడం, ఏనుగును మొయ్యడం, మత్తులేకుండా కాలు కోయించుకోవడం. ఒక మనిషి కాలు పోతుంటే కూడా మనకు అందులో ఆటే కనిపించింది. అంతటి ప్రాణాయామమూ ఆయనకు ఇవ్వగలిగింది ఆ కాసేపు నిబ్బరాన్నే. కట్టు విప్పిన మర్నాడు, ఆ పై నెల, ఆ పై ఏడాది ఆయన ఎలా లేచారో, ఎవరు చెయ్యి పట్టారో, ఒక్క కాలి మీద మొదటిసారి నిలబడినప్పుడు ఏమనుకున్నారో ఏ పుస్తకమూ చెప్పదు. బిరుదులన్నీ వరసగా రాసిపెట్టుకున్న మనం ఆ మాట ఎవరినీ అడిగి రాసుకోలేదు.

ఆయన చివరి రోజులు తెలుగునేల మీద గడవలేదు. ఒడిశాలో పాట్నా సంస్థానం ఉండేది, దాని రాజధాని బలాంగీర్. అప్పటి రాజు రాజేంద్ర నారాయణ్ సింగ్ దేవ్, స్వాతంత్ర్యం తర్వాత ఒడిశా ముఖ్యమంత్రి అయినాయన. ఆ సంస్థానం నీడలో, వచ్చినవాళ్ళకు యోగం, దేహదారుఢ్యం నేర్పుతూ రామ్మూర్తి గడిపారు. మొదలుపెట్టిన చోటికే, అంటే మాస్టారి పనికే తిరిగి వచ్చారన్నమాట, కాకపోతే పరాయి ఊళ్ళో, ఒక్క కాలితో. 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో పోయారు. భోగినాడే పోతానని ముందే చెప్పి, తలుపు వేసుకుని పడుకుని లేవలేదని ఆయన శిష్యుల కథనం. యోగి మరణంగా దాన్ని చెప్పుకుంటే మనకు కొంచెం ఊరటగా ఉంటుంది.

అదే జనవరిలో, భూగోళానికి అటుపక్క ఇంకొకటి జరిగింది. 9వ తేదీన న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్ మొదటి రౌండులోనే బడ్డీ బేర్‌ను పడగొట్టాడు. గెలిచిన సొమ్ము యావత్తూ అమెరికా నౌకాదళ సహాయ నిధికి రాసిచ్చేశాడు. యుద్ధం తర్వాత అదే ప్రభుత్వం, ఇచ్చేసిన ఆ సొమ్ముతో సహా, ఆదాయపు పన్ను కట్టమని ఆయన వెంటపడింది. చివరికి ఆ మహావీరుడు లాస్ వేగాస్‌లో సీజర్స్ ప్యాలెస్ అనే జూదశాలలో వచ్చేపోయేవాళ్ళను పలకరించే కొలువు చేసుకుంటూ 1981లో చనిపోయాడు. మన గామా సంగతి సరేసరి. 1910లో లండన్ వెళ్ళి జ్బిస్కో అనే వస్తాదును నేల మీదనుంచి లేవనీయనివాడు, 1928లో పటియాలాలో అదే జ్బిస్కోను నిమిషంలోపే చిత్తు చేసినవాడు, దేశ విభజన తర్వాత లాహోర్‌లో జబ్బుతో, లేమితో 1960లో పోయాడు. ముగ్గురిదీ ఒకే తరం కాదు, ఒకే మతం కాదు, ఒకే ఆట కాదు. ముగ్గురి చుట్టూ చేరింది మాత్రం ఒకేలాంటి జనం.

ఈ పాత కథ ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం మా ఊరి పిల్లలే. రామగుండం, గోదావరిఖనిలో సాయంత్రం పూట మైదానాల చుట్టూ తిరిగితే కనిపిస్తారు. కరాటే నేర్చుకున్నవాళ్ళు, బాక్సింగ్ గ్లవ్స్ కొనుక్కున్నవాళ్ళు, ఫోనులో యూఎఫ్‌సీ పోరాటాలు చూస్తూ పట్లు నేర్చుకుంటున్నవాళ్ళు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటే వాళ్ళకు తిక్క కాదు, దారి. తాతకు బాయిలో పని దొరికింది, తండ్రికి అతికష్టం మీద దొరికింది, తనకు దొరుకుతుందన్న ఆశ లేదు. మరి ఉన్నది ఒళ్ళు. 2017 నవంబరులో మహారాష్ట్ర కుర్రాడు భరత్ కాండారే షాంఘైలో యూఎఫ్‌సీ బరిలో దిగాడు, భారతదేశం నుంచి వెళ్ళిన మొదటివాడు. మొదటి రౌండులోనే ఓడిపోయాడు. మళ్ళీ ఆ బరిలో కనిపించలేదు. అక్కడిదాకా చేరడానికి ఆయన పడ్డ ఏళ్ళ శ్రమ ఆ కొన్ని నిమిషాల వీడియోలో కనపడదు. మా పిల్లలు చూసేది ఆ వీడియోనే.

బొగ్గుబాయికి, బరికి తేడా ఏమిటో ఈ ఊళ్ళో పుట్టినవాడికి వేరే చెప్పక్కర్లేదు. బాయిలో ఒళ్ళు అరిగిపోతుందని ఒప్పుకుని, దానికి లెక్క కట్టారు. ఊరికే కట్టలేదు, సమ్మెలు చేసి, జైళ్ళకు వెళ్ళి, ప్రాణాలు పోగొట్టుకుని కట్టించుకున్నారు. 1948లో బొగ్గు గనుల భవిష్యనిధికి చట్టం వచ్చింది. 1998లో పింఛను పథకం వచ్చింది. నడుము పోయినవాడు, చూపు తగ్గినవాడు మెడికల్ బోర్డు ముందు నిలబడి అన్‌ఫిట్ అనిపించుకుంటే, కారుణ్య నియామకం కింద ఇంట్లో ఒకరికి పని అడిగే వీలుంది. ఇందులో ఎన్ని లొసుగులున్నాయో, ఎంతమంది తిరిగితిరిగి అలసిపోయారో నాకు తెలుసు. అయినా ఒక కాగితం ఉంది, దాని మీద మన పేరు ఉంది. వస్తాదు అన్‌ఫిట్ అయితే ఏ బోర్డు ముందు నిలబడాలి? కష్టంలో ఉన్న క్రీడాకారుల కోసం కేంద్ర ప్రభుత్వం సంక్షేమ నిధి పెట్టింది 1982లో, అంటే రామ్మూర్తి పోయిన నలభై ఏళ్ళకు. పేరు మోసినవాళ్ళకే ఆ తలుపు తట్టడం కష్టం. జిల్లా స్థాయిలో పది పోరాటాలు చేసి మోకాలు విరగ్గొట్టుకున్న కుర్రాడి ముఖం ఎవరు చూస్తారు?

కొడుకు బరిలోకి దిగుతానంటే ఆపమని నేను తల్లిదండ్రులకు చెప్పను. బలం ఉన్నవాడు బలం చూపించుకోవాలి, అది వాడి హక్కు. అడగాల్సింది పోటీలు పెట్టేవాళ్ళను. టికెట్లు అమ్మేముందు, ఫ్లెక్సీలు కట్టేముందు, ఎమ్మెల్యేను పిలిచేముందు, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. బరి పక్కన డాక్టరు లేనిదే గంట కొట్టనివ్వకండి. తలకు దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి మళ్ళీ ఎన్నాళ్ళకు దింపుతారో ముందే అడగండి. కోచింగ్ ఇచ్చేవాళ్ళనూ అడగండి, వీడికి ఇది కాకుండా ఇంకొక పని ఏం నేర్పిస్తారని. రామ్మూర్తికి సైదాపేట పత్రం ఉంది కాబట్టి కాలు పోయాక కూడా నలుగురికి నేర్పి బతకగలిగారు.

శ్రీకాకుళంలో ఆయన పేరు మీద ఒక స్టేడియం ఉంది. విశాఖ సముద్రతీరంలో విగ్రహం ఉంది. అటు వెళ్ళినప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి.

1882లో పుట్టిన మనిషి 1942 జనవరిలో పోయాడంటే అప్పటికి అరవైకి దగ్గర. సింగరేణిలో ఈ మధ్య 61కి పెంచేదాకా అది కార్మికుడు దిగిపోయే వయసు. ఆ రోజు మెడలో దండ వేస్తారు, శాలువా కప్పుతారు, గ్రాట్యుటీ లెక్క చేతిలో పెట్టి, నలుగురూ వెంట నడిచి ఇంటి దాకా దిగబెట్టి వస్తారు.